సర్వర్ అలిగిన రాత్రి

ప్రొద్దుటూరులో ఓ బట్టల కొట్టు. జమ్మలమడుగులో, పులివెందులలో దాని బ్రాంచీలు. తెల్లారితే జీఎస్టీ. కొత్త సాఫ్ట్‌వేరేమో ఎక్కనంటే ఎక్కనంది. ఎందుకో తెలిసేసరికి రెండో జాము దాటింది!

'సర్వర్ డౌన్!'

ఈ రెండు ముక్కలు వినని తెలుగువాడు ఇప్పుడు లేడేమో. బ్యాంకుకు వెళ్తే అదే మాట. మీసేవకు వెళ్తే అదే మాట. పొలం రిజిస్ట్రేషన్‌కు మంచిరోజు చూసుకుని, సాక్షుల్ని వెంటేసుకుని, ఆటో మాట్లాడుకుని వెళ్తే... అక్కడా అదే మాట. కౌంటర్లో మనిషి చేతులెత్తేస్తాడు. మనం గోడకు ఆనుకుని కూర్చుంటాం. కౌంటరుకు ఇవతల ఉన్నవాళ్లకు కనిపించేది అంతవరకే.

మరి ఆ సమయంలో అవతల ఏం జరుగుతుంటుంది? ఒక్కసారి... ఒకే ఒక్క రాత్రి అటువైపు కూర్చునే అవకాశం నాకొచ్చింది. 2017 జూన్ 30, శుక్రవారం. ప్రొద్దుటూరు శివాలయం వీధికి కూతవేటు దూరంలో మా మేనమామ బట్టల కొట్టు. ఆ తేదీ మీకూ గుర్తుండే ఉంటుంది. తెల్లారితే జీఎస్టీ!

ప్రొద్దుటూరంటే బంగారం, బట్టలు. 'రెండో బొంబాయి' అని మురిసిపోతారు మా ఊరివాళ్లు. ఆ వారం మాత్రం ఏ కొట్టు గడప తొక్కినా ఒకటే కంగారు. బట్ట మీద 5 శాతం, బంగారం మీద 3 శాతం. రెడీమేడ్ అయితే వెయ్యి రూపాయల లోపు 5, దాటితే 12. అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి అని బిల్లులో విడివిడిగా చూపించాలి. సరుకు సరుకుకూ ఓ కోడు నంబరు. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇవేవీ తెలియవు. కొత్తది ఎక్కించాలి. అదీ ఆ ఒక్క రాత్రిలోనే. చీకటి పడేదాకా పాత లెక్క, తెల్లారగానే కొత్త లెక్క మరి!

మామ హోల్‌సేల్ కొట్టు ప్రొద్దుటూరులో ఉంది. ఇరవై కిలోమీటర్ల అవతల జమ్మలమడుగులో ఓ చిల్లర కొట్టు, ముద్దనూరు మీదుగా వెళ్తే పులివెందులలో ఇంకోటి. మూడు కొట్ల పద్దులూ ప్రొద్దుటూరులో ఒకే ఒక్క పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టే సర్వర్.

వడ్డించేవాడు

సర్వర్ అంటే అదేదో అద్దాల గదిలో ఉండే వింత యంత్రం అనుకోనక్కర్లేదు. హోటల్లో సర్వర్ ఏం చేస్తాడు? అడిగినవాడికి అడిగింది తెచ్చి వడ్డిస్తాడు. ఇదీ అంతే. కౌంటర్లో కూర్చున్న కంప్యూటర్లు 'ఫలానా చీర ధరెంత?', 'ఫలానా ఆయన బాకీ ఎంత?' అని అడుగుతుంటాయి. సర్వర్ తెచ్చి ఇస్తుంటుంది. మన ఇంట్లో కంప్యూటర్ పాడైతే మన పనే ఆగుతుంది. సర్వర్ పడకేస్తే మాత్రం బంతి మొత్తం ఖాళీ విస్తళ్ల ముందు కూర్చోవాల్సిందే.

మన దగ్గర మామూలు జనానికి కౌంటర్ల వెనక కంప్యూటర్లు పరిచయమై పాతికేళ్లు దాటిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ శాఖలో 'కార్డ్' పథకం మొదలైంది. ఆ విడతలో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు దస్తావేజును గుమాస్తాలు చేత్తో పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవారు. ఈసీ కావాలంటే ఆ పుస్తకాల దుమ్ము దులిపి ఏడాది ఏడాదీ వెతకాలి. రోజులు పట్టే ఆ పని కంప్యూటర్లొచ్చాక నిమిషాల్లోకి దిగింది. ఆ సుఖంతోపాటే ఓ కొత్త కష్టమూ వచ్చింది. పుస్తకానికి చెదలు పడితే ఒక పేజీ పోతుంది. సర్వర్ అలిగితే ఆ రోజు ఆఫీసే పోతుంది!

మా మామ కంప్యూటర్ కొన్నది 2005లో, వ్యాట్ వచ్చిన ఏడాది. పెట్టెలు రెండుసార్లు మారాయి కానీ లెక్కలు మాత్రం అవే. పన్నెండేళ్ల పద్దులు. చుట్టుపక్కల పల్లెల చిల్లర వ్యాపారులంతా ఆయన దగ్గర అరువు మీద సరుకు తీసుకెళ్లేవారే. పంట చేతికొచ్చాక కొంత, పండక్కి కొంత కట్టేవారే. ఎవరెంత బాకీ అన్నది ఆ పెట్టెకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా తెలియదు. ఒక్క గుమాస్తా తాతకు కొంత తెలుసు. ఆయన కంప్యూటరొచ్చాకా ఎర్రగుడ్డ అట్టేసిన చిట్టా రాయడం మానలేదు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వినవాణ్నే.

1603

ఆ సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. రెండు గంటలు రాలేదు. యూపీఎస్ అరగంట మోసి చేతులెత్తేసింది. సర్వర్ ఆగిపోయింది. కరెంటొచ్చాక కొట్టు కుర్రాడు మళ్లీ ఆన్ చేశాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఎనిమిదింటికి షట్టర్ సగం దించారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి కూర్చున్నది మా అత్త తమ్ముడి కొడుకు. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, బెంగళూరులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాడు. ఊళ్లో జాతరకని వచ్చినవాణ్ని మామ పట్టుకొచ్చాడు. 'అరగంట పని మామా' అన్నాడు వాడు. పాపం!

పచ్చగీత ముందుకు జరిగింది. సగం దాకా పోయింది. ఆగింది. వెనక్కి జరగడం మొదలుపెట్టింది. చివరికో చిన్న పెట్టె వచ్చింది... 'ఇన్‌స్టాలేషన్ విఫలమైంది. లోపం 1603. మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి.'

సంప్రదించాల్సిన అడ్మినిస్ట్రేటర్ వాడే!

1603 అంటే ఏమిటని అడిగాను. విండోస్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే యంత్రాంగం చెప్పే నంబరట. అర్థం 'ఘోరమైన లోపం' అని. ఏం లోపమో మాత్రం చెప్పదు. 'ఒంట్లో బాగాలేదు' అనడం లాంటిదన్నమాట. తలనొప్పా, కడుపునొప్పా అన్నది మనం కనుక్కోవాల్సిందే. అయినా మనిషి బుద్ధి ఏం చేస్తుంది? మళ్లీ నొక్కుతుంది. వాడూ నొక్కాడు. మూడుసార్లు అయింది. మూడుసార్లూ అదే అంకె.

మొదటి అనుమానం యాంటీవైరస్ మీదకు పోయింది. దానికో కారణముంది. సరిగ్గా ఏడు వారాల ముందు, మే 12న 'వన్నాక్రై' అనే వైరస్ ప్రపంచాన్ని గడగడలాడించింది. ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే రకం అది. మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు స్టేషన్ల కంప్యూటర్లకు కూడా తగులుకుంది. పేపర్లో అది చదివిన మామ భయపడి దొరికిన యాంటీవైరస్‌లో గట్టిదేదో వేయించాడు. కాబట్టి దాన్ని ఆపి చూశారు. అయినా 1603. పాత సాఫ్ట్‌వేర్ ఇంకా లోపల నడుస్తోందేమోనని దాన్ని ఆపారు. మళ్లీ 1603.

ఫార్మాట్ కొట్టేయండి!

పదింటికి మామ ఓపిక అయిపోయింది. సాఫ్ట్‌వేర్ అమ్మినాయనకు ఫోన్ చేశాడు. ఆ రాత్రి ఆయనకు అలాంటి ఫోన్లు ఎన్నొచ్చాయో! విసుగ్గానే చెప్పాడు. 'అంతా ఫార్మాట్ కొట్టేసి మొదట్నించీ ఎక్కించుకోండి. డేటా బ్యాకప్ ఉంటుంది కదా, తర్వాత వేసుకోవచ్చు.'

మామ ముఖం వెలిగింది. బ్యాకప్ ఎందుకుండదు? రోజూ రాత్రి పదకొండింటికి దానంతట అదే పక్కనున్న చిన్న డిస్కులోకి కాపీ అయ్యేలా రెండేళ్ల క్రితమే ఏర్పాటు చేయించాడు. 'ఇంకేం, కొట్టెయ్‌రా' అన్నాడు.

కుర్రాడు కొట్టలేదు. 'ఉండు మామా. ముందు ఆ బ్యాకప్ యాడిదాకా ఉందో చూస్తా' అని ఆ డిస్కును తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. చూసి కాసేపు మాట్లాడలేదు.

ఆఖరి కాపీ జనవరి 13ది. భోగి నాటిది!

ఆ రోజుతో డిస్కు నిండిపోయింది. ఆ తర్వాత ప్రతి రాత్రీ పదకొండింటికి కాపీ మొదలవుతోంది, చోటు చాలక ఆగిపోతోంది. అయిదున్నర నెలలుగా అదే తంతు. ఎవరైనా తెరిచి చూస్తేగా తెలిసేది? డిస్కు మీద పచ్చలైటు మాత్రం భేషుగ్గా వెలుగుతోంది. ఆ అయిదున్నర నెలల్లో సంక్రాంతి తర్వాతి వసూళ్లున్నాయి. ఉగాది అరువులున్నాయి. పెళ్లిళ్ల సీజనంతా ఉంది. ఫార్మాట్ కొట్టి ఉంటే... మామ కుర్చీలో కూలబడ్డాడు. అత్త మజ్జిగ పంపించింది.

సాఫ్ట్‌వేర్ పోతే మళ్లీ దొరుకుతుంది. డబ్బు కడితే కొత్తదిస్తారు. కానీ గంగిరెడ్డి అనో, మస్తాన్ అనో ఎవరో ఫిబ్రవరిలో పట్టుకెళ్లిన ముప్ఫై చీరల బాకీని ఏ కంపెనీ తెచ్చిస్తుంది? సర్వర్ ముందు కూర్చునేవాళ్లు అన్నిటికన్నా ముందు డేటా ఎక్కడుందో చూసి, వేరేచోటికి కాపీ తీసి, ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో కూడా చూసి, ఆ తర్వాతే మిగతా వైద్యం మొదలెట్టేది అందుకే. ఆ రాత్రి వాడూ అదే చేశాడు. పన్నెండేళ్ల పద్దులు ల్యాప్‌టాప్‌లోకి చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

ఆ కాపీ జరుగుతుండగానే కొట్లో టీవీ పెట్టారు. పార్లమెంటు సెంట్రల్ హాలు. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ, ప్రధాని మోదీ కలిసి మీట నొక్కారు. దేశమంతా జీఎస్టీ మొదలైపోయింది. ఇక్కడ మేం అప్పటికి అయిదుసార్లు నొక్కాం. మాది మొదలవలేదు.

పోయినేటి చిట్టా

కాపీ తీశాక కుర్రాడికి ధైర్యం వచ్చింది. అప్పుడు చేశాడు, మొదటే చేయాల్సిన పని. 'లాగ్' తెరిచాడు.

లాగ్ అంటే చిట్టానే. సాఫ్ట్‌వేర్ ఎక్కేటప్పుడు ఏం చేస్తోందో కంప్యూటర్ తనలో తాను వరసగా రాసుకుంటూ పోతుంది. ఈ ఫైలు పెట్టాను, ఆ ఫోల్డర్ తెరిచాను, ఫలానాది అడిగాను, దొరకలేదు... ఇలా. ఒక్కోసారి వేల లైన్లుంటాయి. అందులో అసలు తప్పు ఒక్కచోటే ఉంటుంది. దాని తర్వాత కనిపించేవన్నీ ఆ తప్పుకు పిల్లలు. బండి చక్రం ఊడితే బండి ఒరుగుతుంది, మూటలు జారతాయి, గుమ్మడికాయలు దొర్లుతాయి. తెరమీద వచ్చే 1603 ఆ ఆఖరి గుమ్మడికాయ! ఊడిన చక్రం కోసం పైకి వెళ్లాలి. దానికో కిటుకుంది. ఈ రకం లాగ్‌లో 'రిటర్న్ వాల్యూ 3' అనే మాట మొదటిసారి ఎక్కడొచ్చిందో వెతకాలి. సరిగ్గా దాని మీది లైన్లలో అసలు సంగతి ఉంటుందట. ఈ పని తెలిసినవాళ్లంతా మొదట పట్టుకునేది దాన్నే.

వాడు లాగ్ ఫైళ్లను తేదీల వారీగా పేర్చాడు. అన్నిటికన్నా పైనున్నది తెరిచాడు. వెతికాడు. దొరికింది! 'డిస్కులో చోటు చాలదు.'

హమ్మయ్య అనుకున్నాం. పాత సినిమాలు, పెళ్లి వీడియోలు, ఎవరివో ఫోటోలు... అన్నీ ఏరి బయటికి తీసేసరికి గంట పట్టింది. మళ్లీ ఎక్కించారు. 1603. మళ్లీ లాగ్ తెరిచారు. మళ్లీ అదే... చోటు చాలదు. డిస్కేమో సగం ఖాళీ. వాడికి చెమటలు పట్టాయి. 'ఇంత ఖాళీ చేసినా చాలదంటదేంది అన్నా?' అని నన్నడిగాడు. నాకేం తెలుసు?

గుమాస్తా తాత అప్పటిదాకా వెనక బేళ్ల మీద కునికిపాట్లు పడుతున్నాడు. లేచొచ్చి కళ్లజోడు సర్దుకుని తెరలోకి చూశాడు. ఆయనకు ఇంగ్లిషు పెద్దగా రాదు. అంకెలు వస్తాయి. వేలు పెట్టి అడిగాడు.

'నాయనా, ఈ కాయితం ఏ తేదీది?'

ఎవరం మాట్లాడలేదు. ప్రతి లైను మొదట్లోనూ తేదీ ఉంది. 2016 ఏప్రిల్. ఏడాది కిందట ఇంకేదో ఎక్కించబోయి ఆగినప్పటి లాగ్ అది!

'పోయినేటి పద్దు చూసి ఈయేటి బాకీ అడుగుతాండారే!' అన్నాడు తాత.

నిజమే. మరి ఈ రాత్రి రాసిన లాగ్ ఏది? పైన ఉండాలి కదా, కొత్తది కాబట్టి? కుర్రాడు జాబితాను కిందికి లాగాడు. ఇంకా కిందికి. అట్టడుగున ఉన్నాయి ఆరు ఫైళ్లు. వాటి తేదీ... 2010 జనవరి 1.

వాడి చూపు తెర కుడివైపు మూలకు పోయింది. నా చూపూ పోయింది. ఆరు గంటల్నుంచీ మా కళ్ల ముందే ఉన్న గడియారం. 01-01-2010!

రూపాయి బిళ్లంత

కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు కూడా టైము ఎలా తెలుస్తుందని ఎప్పుడైనా అనుకున్నారా? లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. సీఆర్2032 అంటారు. 3 వోల్టులు. కరెంటు పోయినా గడియారాన్ని నడిపిస్తుంటుంది. కొన్నేళ్లకు అయిపోతుంది. మామ సర్వర్ రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ బ్యాటరీ ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలియలేదు. ఆ సాయంత్రం కరెంటు పోయి, యూపీఎస్ కూడా ఆగాక గడియారం దిక్కులేనిదైంది. మళ్లీ ఆన్ చేస్తే కంపెనీలో పెట్టిన మొదటి తేదీకి పోయి కూర్చుంది.

అప్పుడు కొట్టు కుర్రాడు మెల్లగా నోరు విప్పాడు. 'అన్నా, ఆన్ చేసినప్పుడు ఏందో నల్ల తెర వచ్చి ఎఫ్1 నొక్కమన్యాది. నొక్కినా.'

వాణ్ని ఏమనగలం? నొక్కమంటే నొక్కాడు. మనమంతా చేసేది అదేగా.

తేదీ తప్పితే సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎక్కదు? ఈసారి సరైన లాగ్ తెరిస్తే అదీ తెలిసింది. ఎక్కేటప్పుడు మధ్యలో అది ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌ను పలకరించి లైసెన్సు సరిచూసుకుంటుంది. అవతలి సర్వర్ తాను అసలైనదేనని చెప్పడానికి ఓ సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుంది' అని ఉంటుంది. మన పెట్టె లెక్కలో ఇది 2010. ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు! దొంగ సర్టిఫికెట్ అనుకుని తలుపేసుకుంది. దాని వరకు అది చేసింది సబబే.

విండోస్ అప్పుడప్పుడూ ఇంటర్నెట్‌లో టైము చూసి తనను తాను సరిచేసుకుంటుంది కదా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. తేడా కొద్దిగా ఉంటే సరిచేసుకుంటుంది. మరీ ఏళ్లకేళ్లు తేడా ఉంటే మాత్రం అవతలివాడే తప్పు చెబుతున్నాడనుకుని మామూలుగా పట్టించుకోదట. మొండిఘటం!

తేదీ, టైము చేత్తో మార్చాడు. రెండున్నర అయింది. అంతకుముందు ఆరుసార్లు సగం ఎక్కి దిగినప్పుడు వదిలేసిన తుక్కు ఊడ్చి, మళ్లీ నొక్కాడు. పచ్చగీత కదిలింది. సగం దాటింది. ఎవరం ఊపిరి తీసుకోలేదు. చివరి దాకా వెళ్లింది. తాత అప్పటికే మళ్లీ బేళ్ల మీదికి చేరి గుర్రు పెడుతున్నాడు.

ఎనిమిదింట ఒకటి

పాత పద్దుల్ని కొత్త సాఫ్ట్‌వేర్ తన పద్ధతిలోకి మార్చుకోవడానికి ఇంకో రెండు గంటలు తీసుకుంది. అయిదున్నరకు జమ్మలమడుగు కొట్టులో కంప్యూటర్ కలిసింది. పులివెందులది కలవలేదు. అక్కడి కంప్యూటర్లో ఇంకా పాత వెర్షనే ఉంది. దాన్ని మార్చాలంటే అక్కడి మనిషి రావాలి, కొట్టు తెరవాలి.

'రెండు కొట్లు తెరుద్దాం. పులివెందుల సంగతి మధ్యాహ్నం చూద్దాం. అందాకా పాతదాన్లోనే బిల్లులు కొట్టుకోమను' అన్నాడు మామ. ఎవరైనా అనే మాటే. కుర్రాడు ససేమిరా అన్నాడు. మూడూ ఒకే వెర్షన్‌కు వచ్చేదాకా ఎక్కడా కంప్యూటర్ బిల్లు కొట్టొద్దన్నాడు. మామకు కోపమొచ్చింది. అప్పుడు వాడు చెప్పిన కథ నేను తర్వాత చదివి చూసుకున్నాను. అక్షరాలా జరిగిందే.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అని షేర్ల వ్యాపారం చేసే పెద్ద సంస్థ ఉండేది. 2012 ఆగస్టు 1న కొత్త సాఫ్ట్‌వేర్‌తో వ్యాపారం మొదలెట్టింది. మొత్తం ఎనిమిది సర్వర్లు. ఏడింట్లో కొత్తది ఎక్కించారు. ఒకదానిలో మరిచిపోయారు. సరిచూసుకునే రెండో మనిషి లేడు. ఆ ఎనిమిదో సర్వర్లో ఏళ్ల తరబడి వాడని పాత ప్రోగ్రాం ఒకటి నిద్రపోతోంది. కొత్త ఆదేశాలు రాగానే అది లేచి, తన పాత పద్ధతిలో షేర్లు కొనడం, అమ్మడం మొదలెట్టింది. ముప్పావు గంటలో 40 లక్షల లావాదేవీలు! నష్టం 46 కోట్ల డాలర్లకు పైనే. అప్పటి లెక్కలో రెండున్నర వేల కోట్ల రూపాయలు.

ఇందులో నన్ను నిద్రపోనివ్వని ముక్కలు రెండున్నాయి. మార్కెట్ తెరవకముందే ఆ పాత ప్రోగ్రాం పేరు చెబుతూ 97 ఈమెయిళ్లు ఆ సంస్థ సర్వర్ నుంచి సిబ్బందికి వెళ్లాయి. వాటిని ఎవరూ హెచ్చరికగా తీసుకోలేదు. రెండోది ఇంకా ఘోరం. గందరగోళంలో అసలు తప్పెక్కడుందో తేల్చకుండా, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్లలోంచి కొత్త సాఫ్ట్‌వేర్‌ను పీకేశారు. దాంతో ఒకటి చేస్తున్న తప్పును ఎనిమిదీ చేయడం మొదలెట్టాయి! ఏడాది తిరక్కుండానే ఆ సంస్థ ఇంకోదానిలో కలిసిపోయింది. ఆ రాత్రి పదింటికి మామ 'ఫార్మాట్ కొట్టెయ్‌రా' అన్న మాట గుర్తొచ్చి నాకు ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

చేతిరాత బిల్లు

సరే, మూడు కొట్లూ ఒకటయ్యేదాకా బేరాలు ఆపుకోవాలా? శనివారం.  జనం గుమ్మం ముందున్నారు.

తాత తన గల్లా కింద నుంచి పాత బిల్లు పుస్తకం తీశాడు. మధ్యలో కార్బన్ కాగితం పెట్టుకున్నాడు. కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర అని రెండు గీతలు గీసుకున్నాడు. తొమ్మిదింటి నుంచి చేత్తో రాయడం మొదలెట్టాడు. కొత్త పన్ను ఆయనకు ఒక్కపూటలో వచ్చేసింది. జమ్మలమడుగు, పులివెందుల కొట్లకు ఫోన్లో చెబితే అక్కడా అదే పద్ధతి. తర్వాత అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు.

దీన్ని చూసి నవ్వుకునేవాళ్లకు 2024 జులై 19 గుర్తుచేయాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. కారణం వింటే ఆశ్చర్యపోతారు. ఆ ఫైలు 21 వివరాలు ఆశించింది, ప్రోగ్రాం అందించింది 20. అంతే! విమానాశ్రయాలు ఆగిపోయాయి. హైదరాబాద్ శంషాబాద్‌లో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ చీటీ ఫోటో దేశమంతా తిరిగింది. ఇక వైద్యమంటారా... చాలాచోట్ల మనిషి వెళ్లి, ఒక్కో కంప్యూటర్నూ సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఒక్క ఫైలును తీసెయ్యడమే. అంతటి మహా సంస్థల్లోనూ చివరికి మిగిలింది మా పులివెందుల కుర్రాడు చేసిన పనే. కుర్చీ లాక్కుని కూర్చోవడం, ఏం జరిగిందో వరసగా చూడటం.

పులివెందుల కంప్యూటర్ పది దాటాక దారికొచ్చింది. కుర్రాడు కళ్లు ఎర్రగా చేసుకుని ఫోన్లో అక్కడి సేల్స్‌మ్యాన్‌తో 'కుడి మూల చూడు, తేదీ ఎంత చూపిస్తాంది? చదువు' అని మూడుసార్లు చదివించుకున్నాడు. కొట్టు కుర్రాణ్ని పంపిస్తే గడియారాల షాపు నుంచి ఆ రూపాయి బిళ్ల బ్యాటరీ పట్టుకొచ్చాడు. నలభై రూపాయలు. అది మార్చి, పెట్టెను ఒకసారి కావాలనే ఆపి, మళ్లీ పెట్టి చూశారు. తేదీ నిలిచింది. బ్యాకప్ డిస్కు కూడా పెద్దది కొన్నారు. ప్రతి సోమవారం దాన్ని తెరిచి ఆఖరి తేదీ చూసే బాధ్యత మామ ఎవరికిచ్చాడనుకుంటున్నారు? తాతకే!

పదకొండుంబావుకు కంప్యూటర్ మీద మొదటి బిల్లు వచ్చింది. మైలవరం నుంచి పెళ్లి బట్టలకొచ్చిన కుటుంబానిది. ప్రింటర్లోంచి కాగితం బయటికి రాగానే తాత అందుకుని, మొత్తం ఎంతో చూడకుండా ముందు పైన మూలన తేదీ చూసుకున్నాడు. 01-07-2017. తన చిట్టాలోనూ అదే తేదీ వేసుకుని, బిల్లు పెళ్లికూతురి తండ్రి చేతికిచ్చాడు.